ఒక్క ప్యాకెట్... వెయ్యి కోట్ల కూలీలు!

పప్పులేని భోజనం మనకు భోజనంలా అనిపించదు. కానీ ఆ పప్పు పండే చేనుది మాత్రం ఎప్పుడూ రెండో వరసే! నీళ్లున్న మడి వరికి, మంచి ఎరువు మిర్చికీ పత్తికీ... మిగిలిందేదో అపరాలకు. ఆ చేలో దిగుబడి పెంచడానికి లక్షలు పోయాల్సిన పనిలేదు. విత్తనానికి పట్టించే ఓ చిన్న పొడి ప్యాకెట్, దాంతోపాటు సరిపడా భాస్వరం... ఈ రెండూ చాలు. కాకపోతే ఒకటి ఉండి రెండోది లేకపోతే సగం ఫలితమే. ఎందుకంటే...

కంది కావచ్చు, మినుము కావచ్చు, వేరుశనగ కావచ్చు. విత్తిన 35, 40 రోజులకు చేలోకి వెళ్లి ఓ మొక్కని చూడండి. చేత్తో పట్టి లాగేయకూడదు. చుట్టూ పారతో మట్టి వదులుచేసి, గడ్డతో సహా పైకి తీసి, నీళ్ల బకెట్లో ముంచాలి. మట్టి నెమ్మదిగా కరిగి పోయాక వేళ్లకు ఆవగింజంత, మిరియపు గింజంత బుడిపెలు కనిపిస్తాయి. తెలియనివాళ్లు చూస్తే ఏదో తెగులు అనుకుంటారు. ఓ బుడిపెను గోటితో చీల్చి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. లోపల గులాబీ రంగో, లేత ఎరుపో ఉంటే ఆ చేను అదృష్టం చేసుకున్నట్టే! తెల్లగానో, ఆకుపచ్చగానో ఉంటే బుడిపె ఉన్నా పని జరగడంలేదని అర్థం.

మన రక్తానికి ఎర్రదనం ఇచ్చేది హిమోగ్లోబిన్. బుడిపెలోని ఎరుపూ దానికి దగ్గరి చుట్టమే. దాని పేరు లెగ్‌హిమోగ్లోబిన్. లోపల పనిచేస్తున్న బ్యాక్టీరియాకు అవసరమైనంత ఆక్సిజన్‌ని మాత్రమే అందిస్తూ, ఎక్కువ కాకుండా కాపలా కాస్తుంది. ఆ బ్యాక్టీరియా పేరే రైజోబియం.

గాలిలోంచి ఎరువు

మనం పీల్చే గాలిలో 78 శాతం నత్రజనే. లెక్కవేస్తే ఒక ఎకరం నేల మీద ఆకాశందాకా ఉన్న గాలిలో 30 వేల టన్నులకు పైగా నత్రజని ఉంటుంది. కానీ ఏం లాభం? సముద్రం ఒడ్డున కూర్చున్నవాడికి తాగడానికి చుక్క నీరు దొరకనట్టు, మొక్క ఆ నత్రజనిని నేరుగా వాడుకోలేదు. గాలిలో రెండు నత్రజని పరమాణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు విడిపించడం మామూలు విషయం కాదు. యూరియాకు ముడిసరుకైన అమ్మోనియాను తయారుచేసే కర్మాగారాల్లో ఆ పనికోసం 400 డిగ్రీలకు పైగా వేడి పుట్టించి, మామూలు గాలి ఒత్తిడికన్నా వంద రెట్లకు మించిన ఒత్తిడి కలిగించాలి.

అదే పనిని రైజోబియం ఏ పొయ్యీ లేకుండా, చేలోని మామూలు వేడిలోనే చేసేస్తుంది! ముందుగా మొక్క వేరు కొన్ని రసాయనాలను మట్టిలోకి వదులుతుంది. ఒకరకంగా అది పిలుపు. దగ్గర్లో ఉన్న బ్యాక్టీరియా తనవైపునుంచి జవాబుగా మరో రసాయనాన్ని పంపుతుంది. అప్పుడు సన్నని నూగువేరు కొక్కెంలా వంగి బ్యాక్టీరియాను లోపలికి రానిస్తుంది. అక్కడ బుడిపె కట్టుకుంటుంది. ఇక కాపురం మొదలైనట్టే. మొక్క ఆకుల్లో తయారైన చక్కెరను కిందికి పంపుతుంది, బ్యాక్టీరియా నత్రజనిని పైకి పంపుతుంది. ఎవరి బాకీ వాళ్లు తీర్చుకుంటూ పంట చివరిదాకా నడిచే ఒప్పందం ఇది.

అపరాల తర్వాత వేసిన పంట ఏపుగా వస్తుందని మన రైతులకు తరతరాలుగా తెలుసు. పిల్లిపెసర, జనుము, జీలుగ చల్లి కలియదున్నేది అందుకే. కారణం మాత్రం 19వ శతాబ్దం చివరిదాకా ఎవరికీ అంతుపట్టలేదు. జర్మనీ శాస్త్రవేత్త హెర్మన్ హెల్‌రీగల్ 1886లో ఈ గుట్టు విప్పాడు. పప్పుజాతి మొక్కలు గాలిలోని నత్రజనిని వాడుకోవడం వెనక బుడిపెల్లోని సూక్ష్మజీవులు ఉన్నాయని బెర్లిన్‌లో జరిగిన శాస్త్రవేత్తల సమావేశంలో ప్రకటించాడు. 1888లో నెదర్లాండ్స్‌కు చెందిన బైయరింక్ ఆ బ్యాక్టీరియాను విడిగా పెంచి చూపించాడు. పదేళ్లు గడవకముందే జర్మనీలోనే నోబ్, హిల్ట్‌నర్ అనే ఇద్దరు దాన్ని 'నైట్రాజిన్' పేరుతో అమ్మకానికి సిద్ధం చేశారు. నేడు మన దుకాణాల్లో దొరికే రైజోబియం ప్యాకెట్‌కు అదే మూలం.

మరి భాస్వరం సంగతేంటి?

నత్రజని ఉచితంగా దొరుకుతుంటే ఇంక ఎరువెందుకు? చాలామంది రైతులు ఇక్కడే పొరబడతారు. 'అపరాలకు ఎరువు అక్కర్లేదు' అన్నమాట అలా పుట్టిందే. బ్యాక్టీరియా నత్రజనిని తేగలదుగానీ భాస్వరాన్ని గాలిలోంచి తేలేదు. ఎందుకంటే గాలిలో అది లేదు. నేలలోంచే రావాలి.

పైగా నత్రజనిని పట్టే పనికి భాస్వరం బాగా కావాలి. మన శరీరంలోలాగే బ్యాక్టీరియాలోనూ శక్తిని మోసుకెళ్లే నాణెం ఒకటుంది. దాని పేరు ఏటీపీ. అందులోని కీలకమైన భాగం భాస్వరమే. ఒక్క నత్రజని అణువును విడగొట్టడానికి కనీసం 16 ఏటీపీలు ఖర్చవుతాయి. అంటే బుడిపె అనేది రాత్రింబవళ్లు నడిచే మిల్లు అనుకుంటే భాస్వరం దానికి కరెంటు లాంటిది. కరెంటు లేకపోతే ఎంతమంది కూలీలు వచ్చి కూర్చున్నా మిల్లు తిరగదు. భాస్వరం తక్కువైన నేలలో బుడిపెలు తక్కువగా, చిన్నవిగా ఉంటాయి. అసలు వేరే సరిగా పెరగదు. వేరు లేనిచోట బుడిపె ఎక్కడ కట్టుకుంటుంది?

దీనికి రెండోవైపు కూడా ఉంది. భాస్వరం దండిగా వేసి, ఆ పంటకు తగిన బ్యాక్టీరియా నేలలో లేకపోతే? వేళ్లు బాగానే పాకుతాయి, ఆకులు మాత్రం నత్రజని లేక పసుపుపచ్చగా మారిపోతాయి. కరెంటు ఉంది, కూలీలు లేరు!

విచిత్రమేమిటంటే ఈ రెండింటినీ మనిషి వేర్వేరు కాలాల్లో, వేర్వేరు దేశాల్లో కనుక్కున్నాడు. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌కు చెందిన జాన్ బెన్నెట్ లాస్ 1842లోనే సూపర్ ఫాస్ఫేట్ తయారీకి పేటెంట్ తీసుకున్నాడు. అప్పటికి బుడిపెల రహస్యం ఇంకా బయటపడనే లేదు. ఆ రెండూ కలవాల్సింది మాత్రం రైతు చేలోనే.

నైజీరియా చేలు చెప్పిన లెక్క

రెండూ కలిస్తే ఎంత తేడా వస్తుందన్నది ఆఫ్రికా రైతుల పొలాల్లో తేలింది. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ విశ్వవిద్యాలయం నేతృత్వంలో 2009లో 'ఎన్2ఆఫ్రికా' అనే ప్రాజెక్టు మొదలైంది. సోయా, అలసంద, వేరుశనగ, చిక్కుడు గింజల్లాంటి పంటల్ని చిన్న రైతుల పొలాల్లోనే పరీక్షించి చూడటం దాని ఉద్దేశం. ప్రయోగశాలలో కాదు, పరిశోధన కేంద్రం మడిలో కాదు... వానను నమ్ముకున్న మామూలు చేలల్లో.

ఉత్తర నైజీరియాలో సోయా మీద జరిపిన ఈ పరీక్షల ఫలితాలు 2016లో ప్రచురితమయ్యాయి. ఏమీ వేయని మడితో పోలిస్తే భాస్వరం ఒక్కటే వేసినచోట హెక్టారుకు సగటున 450 కిలోల దిగుబడి పెరిగింది. బ్యాక్టీరియా ఒక్కటే పట్టించినచోట కూడా దాదాపు అంతే. రెండూ కలిపి ఇచ్చినచోట పెరిగింది సుమారు 780 కిలోలు! మన లెక్కలో ఎకరాకు మూడు క్వింటాళ్లకు పైమాటే.

అయితే ఇది సగటు మాత్రమే. కొన్ని చేలల్లో దిగుబడి ఇంతకు మించి పెరిగితే, కొన్నిచోట్ల పెద్దగా తేడాయే కనిపించలేదు. నేల తీరు, వాన, విత్తిన సమయం... అన్నీ కలిసొస్తేనే ఫలితం. అయినా బ్యాక్టీరియా పొడికి అయ్యే ఖర్చు చాలా తక్కువ కాబట్టి, ప్రయత్నించి చూసినా రైతు మునిగిపోయేదేమీ ఉండదు. భాస్వరం ఖర్చే కాస్త ఆలోచించి పెట్టాల్సింది.

మన నేలల్లో...

ఒక్కో పంటకు ఒక్కో రకం బ్యాక్టీరియా కావాలి. కంది, మినుము, పెసర, అలసంద, వేరుశనగ... వీటిది దాదాపు ఒకే గుంపు. వందల ఏళ్లుగా ఈ పంటలు పండుతున్న నేలల్లో ఆ జాతి బ్యాక్టీరియా ఎంతోకొంత ఉంటుంది. శనగది వేరే జాతి. సోయాది మరో జాతి. శనగ ప్యాకెట్ తెచ్చి సోయాకు పట్టిస్తే, పెళ్లివారు ఒక ఊరికి బయల్దేరి మరో ఊళ్లో దిగినట్టే ఉంటుంది!

ఆదిలాబాద్, నిజామాబాద్ ప్రాంతాలకు సోయా కొత్తగా వచ్చిన పంట. ఇలాంటి పంటను ఓ నేలలో మొదటిసారి వేసినప్పుడు దానికి తగిన బ్యాక్టీరియా అక్కడ ఉండకపోవచ్చు. అందుకే కల్చర్ పట్టించడంవల్ల వచ్చే తేడా అలాంటిచోటే బాగా కనిపిస్తుంది. కర్నూలు, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో 1999లో విడుదలైన జేజీ 11 లాంటి రకాలు వచ్చాక శనగ సాగు బాగా విస్తరించింది. అక్కడా కొత్తగా శనగ వేసే చేలకు ఇదే మాట వర్తిస్తుంది.

కృష్ణా, గోదావరి డెల్టాలది ఇంకో కథ. వరి కోతకు రెండుమూడు రోజుల ముందు, పైరు నిలబడి ఉండగానే మినుములో, పెసలో చల్లుతారు. దున్నకం లేదు, దుక్కిలో ఎరువు వేసే వీలు లేదు. వరికి వేసినదాంట్లో మిగిలిన భాస్వరమే దిక్కు. పైగా నెలల తరబడి నీళ్లు నిలిచిన మడిలో గాలి ఆడక రైజోబియం సంఖ్య తగ్గిపోతుంది. అందుకే మాగాణి మినుముకు విత్తనంతోపాటే బ్యాక్టీరియాను పంపించడం మరీ ముఖ్యం.

ప్యాకెట్ ఎందుకు ఫెయిలవుతుంది?

'అదంతా వట్టిదండీ, వేసి చూశాం... ఏమీ కాలేదు!' రైజోబియం మాటెత్తితే చాలా ఊళ్లలో వినిపించే జవాబిది. అందులో అబద్ధమేమీ లేదు. వాళ్లకి నిజంగానే ఫలితం కనిపించి ఉండదు. కారణం తెలుసుకోవాలంటే ఆ ప్యాకెట్‌లో ఉన్నది ఎరువు కాదని ముందు గుర్తుపెట్టుకోవాలి. అందులో ఉన్నవి ప్రాణాలు.

2006లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి జీవన ఎరువులను తెచ్చినప్పుడు, పొడి రూపంలో ఉండే కల్చర్‌లో గ్రాముకు కనీసం ఐదు కోట్ల బ్యాక్టీరియా బతికి ఉండాలని నిబంధన పెట్టారు. ఆ లెక్కన 200 గ్రాముల ప్యాకెట్‌లో వెయ్యి కోట్లు! అన్ని కోట్ల కూలీలను మే నెల ఎండలో రేకుల షెడ్డులో పడేస్తే ఏమవుతారు? బస్సు టాపు మీద వేసి ఊరికి తీసుకెళ్తే? గడువు తీరాక ఏడాదిపాటు అటక మీద ఉంచితే? చేలోకి చేరేది వట్టి బొగ్గుపొడే. యూరియా బస్తా ఎండలో ఉన్నా యూరియాగానే ఉంటుంది. ఈ ప్యాకెట్ అలా కాదు. దీన్ని పెరుగుతోడులా చూసుకోవాలి.

మరో కారణం యూరియానే. మొలక నిలదొక్కుకునేదాకా కాస్త నత్రజని అవసరం. అందుకే ఎకరాకు 8 కిలోలకు మించకుండా వేయమంటారు. 'ఇంకాస్త వేస్తే ఇంకాస్త పచ్చగా ఉంటుంది కదా' అని బస్తా గుమ్మరిస్తే మొక్క బుడిపెలు కట్టడం మానేస్తుంది. పక్కింటినుంచి రోజూ క్యారియర్ వస్తుంటే సొంత పొయ్యి ఎవరు వెలిగిస్తారు?

పట్టించే పద్ధతి ఇదీ...

* పంట పేరు, గడువు తేదీ చూసి ప్యాకెట్ కొనాలి. ఇంటికి తెచ్చాక చల్లగా, నీడగా ఉన్నచోట పెట్టాలి.

* 100 మిల్లీలీటర్ల నీటిలో 10 గ్రాముల బెల్లం వేసి పది నిమిషాలు మరగబెట్టి, పూర్తిగా చల్లార్చాలి. వేడిగా ఉండగా వాడితే బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

* 8 కిలోల విత్తనం మీద ఈ బెల్లం నీళ్లు చిలకరించి, 200 గ్రాముల పొడి వేసి, ప్రతి గింజకూ పల్చని పొర అంటుకునేలా నెమ్మదిగా కలపాలి. వేరుశనగలాంటి వాటికి పైపొర ఊడిపోకుండా చూడాలి.

* నీడలో ఆరబెట్టి, వీలైతే అదే రోజు చల్లటి వేళ విత్తేయాలి.

* తెగుళ్ల మందు, పురుగుమందు కూడా పట్టించాల్సి ఉంటే ముందు తెగుళ్ల మందు, తర్వాత పురుగుమందు, ఆరాక అన్నిటికన్నా చివర రైజోబియం. వరస మారకూడదు.

* కల్చర్ పట్టించిన విత్తనాన్ని సూపర్ ఫాస్ఫేట్‌తో కలిపి విత్తకూడదు. ఎరువులోని ఆమ్లగుణం బ్యాక్టీరియాను దెబ్బతీస్తుంది.

* భాస్వరాన్ని ఆఖరి దుక్కిలోనే వేయాలి. పైపాటుగా చల్లితే అది ఉన్నచోటినుంచి పెద్దగా కదలదు, వేరుకు అందదు.

బస్తా ముందా... పరీక్ష ముందా?

చాలా అపరాలకు సాధారణంగా చెప్పే మోతాదు ఎకరాకు 20 కిలోల భాస్వరం. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ రూపంలో అయితే 125 కిలోలు, అంటే రెండున్నర బస్తాలు. ఇందులో భాస్వరంతోపాటు గంధకం, కాల్షియం కూడా ఉంటాయి కాబట్టి వేరుశనగలాంటి నూనెగింజలకు మరీ మంచిది. డీఏపీ అయితే ఒక్క 50 కిలోల బస్తాలో 23 కిలోల భాస్వరం, 9 కిలోల నత్రజని వస్తాయి.

అలాగని ప్రతి చేలోనూ ఇంతా వేయాల్సిందేనని కాదు. ఏళ్లతరబడి డీఏపీ, కాంప్లెక్స్ ఎరువులు కుమ్మరించిన పొలాల్లో భాస్వరం నిల్వలు పేరుకుపోయి ఉంటాయి. నల్లరేగడిలో అది సున్నంతో, ఎర్రనేలల్లో ఇనుముతో ముడిపడి, ఉండీ లేనట్టే ఉంటుంది. అలాంటిచోట మరో బస్తా వేయడంకన్నా, ఆ ముడి విప్పే బ్యాక్టీరియాను వాడటం తెలివైన పని. భాస్వరాన్ని కరిగించే ఈ బ్యాక్టీరియా కూడా ప్యాకెట్లలో దొరుకుతుంది. చేలో ఏముందో తెలియాలంటే దారి ఒక్కటే... భూసార పరీక్ష. భాస్వరానికీ, దాని ముడిసరుకుకూ మన దేశం చాలావరకు విదేశాలమీదే ఆధారపడుతోంది. రాతి రూపంలో ఉన్న భాస్వరం నిల్వల్లో సింహభాగం మొరాకోలోనే ఉంది. అక్కర్లేని చేలో వేసిన ప్రతి కిలో రైతు జేబుకే కాదు, దేశానికీ నష్టమే.

దారి చూపిన బ్రెజిల్

ఇదంతా చిన్న చిన్న కమతాల్లో సరేగానీ పెద్దయెత్తున సాధ్యమేనా అంటే... బ్రెజిల్‌ని చూడమంటారు శాస్త్రవేత్తలు. చెకొస్లొవేకియాలో పుట్టి బ్రెజిల్‌లో స్థిరపడిన జొహన్నా డోబెరైనర్ అనే మహిళ 1960ల్లోనే అక్కడి సోయాకు నత్రజని ఎరువు వద్దని, బ్యాక్టీరియానే నమ్ముకుందామని గట్టిగా వాదించారు. ఆ మాట నిలబడింది. నేడు ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ సోయా పండించే ఆ దేశంలో ఆ పంటకు దాదాపు యూరియానే వాడరు. అదే బాటలో నలభై ఏళ్లుగా పరిశోధిస్తున్న మరియాంజెలా హంగ్రియాకు 2025లో ప్రపంచ ఆహార బహుమతి దక్కింది. అక్కడి రైతులు భాస్వరాన్ని మాత్రం మానలేదు. బ్యాక్టీరియా చేసే పనిని దానికి వదిలి, అది చేయలేనిదాన్ని తాము అందించారు. కిటుకు అంతా అందులోనే ఉంది.

పప్పుల్ని ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ పండించేదీ, తినేదీ, దిగుమతి చేసుకునేదీ మనమే. 2015 అక్టోబరులో కందిపప్పు కిలో 200 రూపాయలు దాటినప్పుడు పప్పుచారు పల్చబడని ఇల్లు లేదు. 2024-25లో 70 లక్షల టన్నులకు పైగా పప్పుధాన్యాలు విదేశాలనుంచి తెచ్చుకున్నాం. ఈ పరిస్థితి మార్చాలని 11,440 కోట్ల రూపాయలతో 2025 అక్టోబరులో కేంద్రం పప్పుధాన్యాల స్వావలంబన మిషన్‌ను మొదలుపెట్టింది. 2030-31కల్లా 350 లక్షల టన్నులు పండించాలన్నది లక్ష్యం. మన సగటు దిగుబడి ఇప్పటికీ ఎకరాకు నాలుగు క్వింటాళ్లలోపే. సాగు పెంచడానికి కొత్త భూమి ఎక్కడినుంచో ఊడిపడదు. ఉన్న ఎకరంలోనే మరో క్వింటా, క్వింటిన్నర రావాలి. దానికి మొదటి మెట్టు రైతు విత్తనం కలుపుకునే ఆ పావుగంటలోనే ఉంది.

నమ్మకం కుదరకపోతే రైతు చేలో ఓ మూల నాలుగు సాళ్లు ఏమీ పట్టించకుండా, మిగతా చేను రెండూ కలిపి వేసి చూడొచ్చు. పట్నంలో ఉండేవాళ్లు పిల్లలతో కలిసి కుండీలో గుప్పెడు అలసందలు నాటొచ్చు. పొలం మట్టి దొరికితే మరీ మంచిది. ఐదారు వారాలయ్యాక ఓ మొక్కను జాగ్రత్తగా తీసి, వేళ్లు కడిగి, ఓ బుడిపెను చీల్చి చూపించండి. లోపల ఎర్రగా కనిపిస్తే ఆ రాత్రి కంచంలో పప్పు వడ్డిస్తున్నప్పుడు పిల్లలకు చెప్పడానికి ఓ మంచి కథ దొరికినట్టే!